మందుబిళ్ళ ఎవరి పూచీ? – జైళ్ళలో మతి చెడిన ఖైదీల చరిత్ర

తెలుగులో జైలు గురించి రాసినవాళ్ళు తక్కువేమీ కాదు. జాతీయోద్యమంలో జైలుకు పోయినవాళ్ళు రాశారు, కమ్యూనిస్టులు రాశారు, ఆ తర్వాత విప్లవకారులు రాశారు. చదువుకున్న ఖైదీ తన జైలును తానే రాసుకోగలడు. వేలిముద్ర వేసే ఖైదీ, అందులోనూ మతి చెడిన ఖైదీ, రాసుకోలేడు. ఆయన గురించి ఉన్న రాతంతా పైవాళ్ళ రాత. పోలీసు రాశాడు, జైలరు రాశాడు, డాక్టరు రాశాడు, మేజిస్ట్రేటు రాశాడు. ఆయన చరిత్ర వెతకాలంటే ఆ కాగితాల్లోనే వెతకాలి. వాళ్ళు ఏం రాశారన్నది ఎంత ముఖ్యమో, ఏ గడి ఖాళీగా వదిలారన్నది అంతకంటే ముఖ్యం.

ఈ వ్యాసంలో నేను వేసుకున్న ప్రశ్న చూడ్డానికి చాలా చిన్నది. మతి చెడిన ఖైదీకి రోజూ వేయాల్సిన మందు ఒకటి ఉంటుంది. అది ఆయన కడుపులోకి పోయిందో లేదో చూడాల్సింది ఎవరు? పోకపోతే జవాబు చెప్పాల్సింది ఎవరు? ఈ ప్రశ్నకు మన జైలు చట్టాలు నూట ముప్పై ఏళ్ళుగా సరైన జవాబు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో తెలుసుకోవడమే ఇక్కడ మన పని.

ఇది డాక్టర్ల సంగతి, ఉద్యమాలకెందుకు అని ఎవరైనా అనొచ్చు. 2021 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ సహాయమంత్రిగా జి. కిషన్‌రెడ్డి రాజ్యసభకు ఇచ్చిన లెక్క చూడండి. 2019 చివరికి దేశంలోని జైళ్ళలో 4,78,600 మంది ఉన్నారు. వాళ్ళలో 3,15,409 మంది ఎస్సీలు, ఎస్టీలు, బీసీలు. నూటికి 66 మంది అన్నమాట. జైలు కట్టింది మనం కాదు, చట్టం రాసింది మనం కాదు. లోపల ఉన్నది మాత్రం ఎక్కువగా మనవాళ్ళే. కాబట్టి జైల్లో మతి చెడినవాడి ప్రశ్న దళిత బహుజనుల ప్రశ్నే.

వీధిలో దొరికినవాడు

వలస ప్రభుత్వం 1858లో మతి చెడినవాళ్ళ గురించి మూడు చట్టాలు చేసింది. వాటిలో రెండు ప్రధానంగా ఆస్తి ఉన్నవాళ్ళ కోసం. మతి చెడినవాడి ఆస్తిని ఎవరు చూసుకోవాలి, కోర్టు ఎట్లా తేల్చాలి అన్నవే వాటిలోని ముఖ్య విషయాలు. మూడోది పిచ్చాసుపత్రుల చట్టం. వీధిలో తిరిగే మతి చెడిన మనిషిని పోలీసులు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు పెట్టడం, ఆయన ఆసుపత్రికి పంపడం ఈ చట్టంలోని పద్ధతి. 1912లో వచ్చిన ఇండియన్ లూనసీ చట్టం వీటన్నిటినీ కలిపి కొత్తగా రాసింది గానీ ఈ పద్ధతిని మార్చలేదు.

ఇక్కడొక సంగతి గమనించాలి. మతి చెడడం అన్ని కులాల్లోనూ ఉంటుంది. కానీ వీధిలో దొరకడం అన్ని కులాలకూ ఒకే తీరుగా ఉండదు. భూమి ఉన్న కుటుంబం మనిషిని లోపలి గదిలో ఉంచి, కాపలాకు పాలేరును పెట్టుకోగలదు. ఇద్దరూ కూలికి పోతేగాని పొయ్యి వెలగని ఇంట్లో కాపలా ఉండేదెవరు? వాడకట్టు దాటి బయటికొచ్చినవాడు ఊరికి దొరుకుతాడు, ఊరి నుంచి పోలీసుకు దొరుకుతాడు. చట్టం కులం పేరు ఎత్తలేదు నిజమే. ఎత్తాల్సిన అవసరం లేకుండానే దాని పని అది చేసింది.

పట్టుకున్నవాళ్ళను పెట్టడానికి ఆసుపత్రులు ఎన్ని ఉన్నాయి? మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలకు 1870ల నాటి వాల్తేరు పిచ్చాసుపత్రే దిక్కు. నిజాం రాజ్యంలో ఆసుపత్రి జాల్నాలో ఉండేది, 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు మారింది. మా వైపు ఈనాటికీ ఎవరైనా తిక్కగా మాట్లాడితే ‘ఎర్రగడ్డకు పోతావా’ అంటారు. అంటే ఒక ఊరిపేరే రోగం పేరయిపోయింది. అంత దూరం పంపేదాకా, పంపినా మంచం దొరికేదాకా, మనిషిని ఉంచే చోటు జైలు. దీనికి పెట్టిన పేరు ‘సేఫ్ కస్టడీ’. నేరం చేశాడన్న ఆరోపణ ఉంటే ‘క్రిమినల్ లూనటిక్’, ఏ నేరమూ లేకపోతే ‘నాన్ క్రిమినల్ లూనటిక్’. ఏ నేరమూ లేనివాణ్ణి జైల్లో పెట్టి, ఆయనకు నేరం లేదని పేరులోనే రాసుకున్న వింత ఇది.

1894 చట్టంలో ఒక మినహాయింపు

మన జైళ్ళ నియమాలకు పునాది 1894 నాటి ప్రిజన్స్ చట్టం. మతి చెడిన ఖైదీ గురించి అందులో ఏమీ లేదని చెప్పలేం. ఖైదీకి ఒంట్లో గానీ మనసులో గానీ బాగాలేదని కనిపిస్తే, ఆయన్ను కనిపెట్టుకుని ఉన్న ఉద్యోగి వెంటనే జైలరుకు చెప్పాలని 37వ సెక్షను అంటుంది. జైలు క్రమశిక్షణ వల్ల గానీ అక్కడి ట్రీట్‌మెంటు వల్ల గానీ ఖైదీ మనసు దెబ్బతింటోందని డాక్టరుకు అనిపిస్తే సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా తెలపాలని 14వ సెక్షను అంటుంది. జైలు మనిషి మతిని చెడగొట్టగలదని 1894లోనే తెల్లవాళ్ళు ఒప్పుకున్నారన్నమాట.

అసలు కీలకం 38వ సెక్షనులో ఉంది. ఖైదీ విషయంలో డాక్టరు ఇచ్చే ఆదేశాలన్నీ ఏ రోజుకారోజు ఆ ఖైదీ హిస్టరీ టికెట్టులో ఎక్కించాలి. ఆ ఆదేశం అమలయిందో లేదో జైలరు పక్కన రాసి తేదీ వేయాలి. చాలా మంచి నియమం. కానీ దీనికి ఒక మినహాయింపు పెట్టారు. మందులు ఇవ్వమని రాసే ఆదేశాలూ, డాక్టరు స్వయంగా లేదా తన అజమాయిషీలో చేయించే పనులూ ఈ లెక్కలోకి రావు.

అంటే ఏమిటి? ఖైదీకి పాలు ఇవ్వమని డాక్టరు రాస్తే, ఇచ్చారో లేదో జైలరు రాయాలి. పని తగ్గించమంటే, తగ్గించారో లేదో రాయాలి. మందు వేయమంటే మాత్రం ఆ రాత అవసరం లేదు. మందు డాక్టరు చేతిలో పని, ఆయనే చూసుకుంటాడన్నది చట్టం నమ్మకం. ఆసుపత్రిలో మందుల రిజిస్టర్లు ఉంటాయి గదా అనొచ్చు. ఉంటాయి. అవి స్టాకులోంచి ఎన్ని బిళ్ళలు పోయాయో చెబుతాయి. ఫలానా బ్యారక్‌లో ఫలానా మనిషి ఫలానా రాత్రి బిళ్ళ మింగాడో లేదో చెప్పవు. మందుకు లెక్క ఉంది, మనిషికి లెక్క లేదు.

ఇంకో మాట కూడా ఉంది. జైలు డాక్టరు తన పారిశుద్ధ్యపు పనిని సూపరింటెండెంటు అదుపుకు లోబడి చేయాలని 13వ సెక్షను చెబుతుంది. ఆ ఏర్పాటులో డాక్టరు సూపరింటెండెంటు కిందివాడు. పై అధికారికి నచ్చని రిపోర్టు రాయాలంటే కిందివాడికి ఎంత ధైర్యం కావాలో ఉద్యోగం చేసినవాళ్ళకు తెలుసు.

అన్నానికి కులం, ఊడ్పుకు కులం

రాయకుండా వదిలేయడం జైలు చట్టాల అలవాటు అనుకుంటే పొరపాటు. రాయాలనుకున్నవి చాలా వివరంగా రాశారు. 1855లో బీహారులోని ఆరా, ముజఫర్‌పూర్ జైళ్ళలో ఖైదీల ఇత్తడి లోటాలు తీసేసి మట్టి పాత్రలు ఇస్తే పెద్ద గొడవయింది. మట్టిపాత్ర ఒకసారి మైలపడితే శుద్ధి కాదన్నది అగ్రకుల ఖైదీల బాధ. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇట్లాంటి గొడవల తర్వాత జైలు మాన్యువళ్ళలోకి కులం భద్రంగా వచ్చి కూర్చుంది. బెంగాలు జైలు కోడ్‌ను చూడండి. సెల్లుల్లోకి అన్నం వండి తీసుకుపోయేది ‘తగిన కులం’ ఖైదీ వంటవాళ్ళు. పాకీ పనికి మేథర్, హరి, చండాల మొదలైన కులాలవాళ్ళు.

స్వాతంత్ర్యం వచ్చి ఏడు దశాబ్దాలు దాటినా ఈ నియమాలు చాలా రాష్ట్రాల మాన్యువళ్ళలో ఉండిపోయాయి. సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన కేసులో 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఇవి రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. విముక్త జాతులవాళ్ళను పుట్టుకతో నేరస్థుల్లా చూసే నియమాలను కూడా తప్పుపట్టింది. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్ల చరిత్ర తెలిసిన మనకు ఈ రెండో మాట బరువు బాగా తెలుసు.

ఈ నియమాలను మతి చెడిన ఖైదీ గది దగ్గర నిలబడి చదవాలి. ఒంటిమీద స్పృహ లేని మనిషి గదిలోనే అన్నీ చేసుకుంటాడు. ఆ గది కడిగేది ఎవరు? ఏ కులంవాడు ఊడవాలో మాన్యువల్లో రాసే ఉంది. ఆయన మీద కనిపెట్టి ఉండమని పెట్టేది తరచూ ఇంకో ఖైదీనే. ఖైదీల్లోంచే జైలు ఉద్యోగులను నియమించుకోవడానికి 1894 చట్టం వీలు కల్పించింది, అట్లాంటివాళ్ళను 23వ సెక్షను ప్రభుత్వ సేవకులుగా లెక్కగట్టింది. జీతభత్యాల్లేని ప్రభుత్వ సేవకుడన్నమాట. కాబట్టి మన జైళ్ళలో మతి చెడినవాళ్ళను ‘మేనేజ్’ చేసింది డాక్టర్లూ అధికారులూ అని రాసుకునే చరిత్ర సగం చరిత్రే. మిగతా సగం చీపురు పట్టిన ఖైదీది.

అన్నం తీసుకుపోయేవాడి కులం రాశారు, ఊడ్చేవాడి కులం రాశారు. మందు తీసుకుపోయేది ఎవరో రాయలేదు. మైల అంటుతుందేమోనన్న భయానికి ఇచ్చిన విలువ మనిషి ప్రాణానికి ఇవ్వలేదు.

మందు మారింది, చట్టం మారలేదు

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. 1894లో ఈ రోగాలకు రోజూ వేసుకుంటే కుదుటపడే మందు లేదు. బ్రోమైడు, పారాల్డిహైడు లాంటి మత్తుమందులు, ఒంటరి గది, గొలుసు – ఇంతే. ఆ రోజుల్లో మతి చెడిన ఖైదీని చూసుకోవడమంటే గోడ, తాళం. 1952లో ఫ్రాన్సులో క్లోర్‌ప్రొమజీన్ అనే మందును మానసిక రోగులకు వాడడం మొదలుపెట్టిన తర్వాత పరిస్థితి తలకిందులయింది. తర్వాత హలోపెరిడాల్ వచ్చింది, లిథియం వాడకం పెరిగింది. రోజూ వేళకు మందు పడితే చాలామంది మామూలు మనుషుల్లా బతకగలరని తేలింది. కాబట్టి పూచీ గోడ మీద నుంచి మనిషి చేతి మీదకు మారాలి. అది జరగలేదు. గోడ కాలంలో రాసిన చట్టంతోనే బిళ్ళల కాలాన్ని నడిపారు.

ఈ మందులు జ్వరం బిళ్ళల్లాంటివి కావు. హలోపెరిడాల్ లాంటివి పడనివాళ్ళకు మెడ, దవడ బిగుసుకుపోతాయి, చేతులు వణుకుతాయి, కాళ్ళు ఒకచోట నిలవవు. అందుకు విరుగుడుగా ట్రైహెక్సిఫెనిడిల్ అనే ఇంకో బిళ్ళ ఇస్తారు. అది కొంచెం మత్తునిచ్చేది, కాబట్టి బ్యారక్‌లో దానికి బేరముంటుంది, బలవంతుడు బలహీనుడి దగ్గర గుంజుకోగలడు. లిథియం వేసుకునేవాడికి రక్తపరీక్షలు చేస్తూ ఉండాలి. ఎండాకాలంలో నీళ్ళు చాలక ఒళ్ళు ఎండిపోతే అదే మందు విషమవుతుంది. కాబట్టి మందు ఇవ్వడమంటే కిటికీలోంచి పొట్లం పారేయడం కాదు. మింగాడా, పడిందా, ఏమన్నా తేడా చేసిందా అని చూసే కన్ను కావాలి.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. మందు ఇవ్వకపోవడం ఒక అన్యాయమైతే, గోల చేస్తున్నాడని రోగంతో పనిలేకుండా మత్తులో పడేయడం ఇంకో అన్యాయం. లెక్క రాయని చోట ఈ రెండూ చేయొచ్చు. ఎవరికీ తెలియదు.

కోర్టుదాకా వచ్చిన బతుకులు

రాయని లెక్క మనుషులను ఏం చేసిందో సుప్రీంకోర్టు రికార్డుల్లో ఉంది. బీహారులోని ముజఫర్‌పూర్ జైల్లో రుదుల్ సా అనే ఆయన ఉండేవాడు. 1968 జూన్‌లో కోర్టు ఆయన్ను నిర్దోషి అన్నది. విడుదలైంది 1982 అక్టోబర్‌లో. పద్నాలుగేళ్ళు ఎందుకుంచారయ్యా అంటే, మతి బాగాలేదు అని ప్రభుత్వం చెప్పింది. ఎవరు పరీక్షించారు, ఏ రోగం, ఏ మందు ఇచ్చారు అని కోర్టు అడిగితే దగ్గర కాగితం లేదు. 1977లో సివిల్ సర్జన్ బాగున్నాడని సర్టిఫై చేసిన తర్వాత కూడా అయిదేళ్ళకు పైగా లోపలే ఉంచారు. 1983 ఆగస్టు 1న కోర్టు ఆయనకు అప్పటికే ఇచ్చిన 5,000 రూపాయలు కాక 30,000 రూపాయలు ఇప్పించింది. రాజ్యాంగం కింద నష్టపరిహారం ఇప్పించిన తొలి తీర్పుల్లో ఇదొకటని లా కాలేజీల్లో గొప్పగా చెబుతారు. మనం ఇంకొకటి చెప్పుకోవాలి. ‘మతి చెడింది’ అన్న మాటను వైద్యం చేయడానికి కాదు, తాళం తీయకపోవడానికి సాకుగా వాడారు.

1982లో వీణా సేథీ కేసులో హజారీబాగ్ జైలు సంగతి బయటపడింది. మతి చెడినవాళ్ళని లోపల పెట్టిన ఖైదీలు కోలుకున్న తర్వాత కూడా ఇరవై, ముప్పై ఏళ్ళు అక్కడే ఉండిపోయారు. అది ఆదివాసీ ప్రాంతం. వాళ్ళను బయటికి తెచ్చింది ఒక ఉచిత న్యాయసహాయ కమిటీ రాసిన ఉత్తరం.

అస్సాంలో మచాంగ్ లాలుంగ్‌ది ఇంకా దారుణం. ఆయన తివా ఆదివాసీ. 1951లో అరెస్టు చేశారు, తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. ఆరోగ్యంగా ఉన్నాడని ఆసుపత్రి 1967లో రాసింది. జైలుకు తిప్పి పంపారు. విచారణ జరగలేదు, శిక్ష పడలేదు. 2005 జులైలో ఒక్క రూపాయి పూచీకత్తు మీద వదిలారు. లోపల గడిచినవి 54 ఏళ్ళు. ఆ తర్వాత సుప్రీంకోర్టు 3 లక్షల రూపాయలూ నెలకు 1,000 రూపాయలూ ఇప్పించింది.

ఇక నేరమే లేనివాళ్ళ సంగతి. షీలా బర్సే వేసిన కేసులో అస్సాం జైళ్ళను చూసి రమ్మని కోర్టు గోపాల్ సుబ్రమణ్యం, అమితా ధందాలను పంపింది. ఈ అమితా ధందానే ఆ తర్వాత హైదరాబాదు నల్సార్‌లో పాఠాలు చెప్పారు. నేరం లేని మతి చెడినవాళ్ళను జైల్లో పెట్టడం చట్టవిరుద్ధం, రాజ్యాంగ విరుద్ధమని 1993 ఆగస్టు 17న తీర్పు వచ్చింది. 1912 నాటి చట్టం పోయి 1987 మెంటల్ హెల్త్ చట్టం అమల్లోకి వచ్చింది కూడా ఆ సంవత్సరమే. అయినా 1996లో జాతీయ మానవ హక్కుల కమిషన్ అధ్యక్షుడు రంగనాథ్ మిశ్రా, అక్టోబర్ 31 దాటితే మానసిక రోగులు జైల్లో ఉండగూడదని ముఖ్యమంత్రులకు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. తీర్పు వచ్చిన మూడేళ్ళకు ఉత్తరం అవసరమైందంటే తీర్పు ఎంతవరకు నడిచిందో తెలుస్తూనే ఉంది.

మందు తెగిపోయే అయిదు వాకిళ్ళు

పై కేసులు పత్రికల్లోకెక్కినవి. పేరు లేని కేసులో ఏం జరుగుతుంది? మందు ఒక్కసారిగా ఆగదు, వాకిలి వాకిలికీ తెగుతుంది.

మొదటిది అరెస్టు. పోలీసులు మనిషిని తెస్తారు, ఇంట్లో ఉన్న మందు చీటీ తేరు. రెండోది జైలు గేటు. బయటి మందు లోపలికి రానివ్వకూడదన్నది నియమం. దానికి కారణాలున్నాయి, కాదనను. కానీ లోపల అదే మందు అదే రోజు ఇస్తేనే ఆ నియమానికి న్యాయం. మా వాడలో ఒకామె కొడుకు కోసం బిళ్ళల అట్ట, ఆసుపత్రి చీటీ కొంగున కట్టుకుని మూడు ములాఖత్‌లకు పోయింది. ‘డాక్టరు చూస్తాడులేమ్మా’ అని మూడుసార్లూ తిప్పి పంపారు. డాక్టరు వారానికి ఎన్నిసార్లు వస్తాడని ఆమె అడగలేదు. అడగొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మూడోది కోర్టు వాయిదా. పొద్దున్నే వ్యానెక్కినవాడు రాత్రికి తిరిగొస్తాడు, ఆ పూట మందు ఎస్కార్టు పోలీసు దగ్గర ఉండదు. నాలుగోది జైలు మార్పు. మనిషి పోతాడు, కాగితం తర్వాత ఎప్పుడో వస్తుంది. అయిదోది విడుదల. బెయిలు కాగితం చేతికిచ్చి గేటు తీస్తారు, రేపటి బిళ్ళ ఎక్కడ దొరుకుతుందో చెప్పరు.

విచారణ ఖైదీకి ఇది ఒక చక్రమయిపోతుంది. నిందితుడికి తన కేసు అర్థం చేసుకునే స్థితి లేకపోతే విచారణ ఆపాలన్నది 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నుంచి 1973 కోడ్‌లోకీ, 2024 జులై నుంచి అమలవుతున్న నాగరిక సురక్షా సంహిత 27వ అధ్యాయంలోకీ వచ్చిన సూత్రం. మంచి సూత్రమే. ఆసుపత్రిలో వేళకు మందు పడి కోలుకుంటాడు, ‘ఫిట్’ అని రాస్తారు. జైలుకొస్తాడు, మందు తప్పుతుంది, మళ్ళీ తిరగబెడుతుంది. కోర్టు మళ్ళీ ఆపుతుంది, మళ్ళీ ఆసుపత్రి. పడబోయే శిక్ష కంటే ఈ తిరుగుడే పెద్దదవుతుంది. చట్టం భాషలో ఇందులో ఎవరి తప్పూ లేదు. డాక్టరు ఫిట్ అన్నాడు, జైలరు తీసుకున్నాడు, జడ్జి వాయిదా వేశాడు. మందు తప్పించిందెవరు? ఆ గడి ఖాళీ.

లేరని రాయమనే చట్టం

2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం చాలా విషయాల్లో ముందడుగు. జైలు డాక్టర్లకు మానసిక వైద్యంలో కనీస శిక్షణ ఇవ్వాలని 31వ సెక్షను అంటుంది. రాష్ట్రానికి ఒక్క జైల్లోనైనా వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం పెట్టాలని 103వ సెక్షను అంటుంది. కానీ అదే 103లో ఒక తమాషా ఉంది. జైలు డాక్టరు మూడు నెలలకొకసారి రివ్యూ బోర్డుకు రిపోర్టు పంపాలి. ఏమని? ఈ జైల్లో మానసిక రోగులు లేరని ధ్రువీకరిస్తూ. ఎంతమంది ఉన్నారు, ఎవరికి ఏ మందు పడుతోంది అని కాదు. ఉండకూడదన్న ఆశయం ‘లేరు’ అనే సర్టిఫికెట్టుగా మారింది.

లేరా మరి? నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో 2021, 2022 లెక్కల్లోనే ఏటా తొమ్మిది వేల పైచిలుకు ఖైదీలను మానసిక రోగులుగా చూపింది. 2022లో మొత్తం ఖైదీలు 5,73,220 మంది, అంటే నూటికి ఇద్దరు కూడా లేరన్నమాట. బెంగుళూరు నిమ్హాన్స్ డాక్టర్లు అక్కడి సెంట్రల్ జైల్లో 5,024 మందిని పరీక్షించి 2011లో ప్రకటించిన అధ్యయనంలో, తాగుడు, మత్తుమందుల అలవాట్లు పక్కన పెట్టినా 27.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న మనుషులు రోగులుగా లెక్కకే రాలేదు. లెక్కకు రానివాడికి మందు ఎక్కడిది? దేశంలోని జైళ్ళన్నిటికీ కలిపి 25 మంది మానసిక నిపుణులే ఉన్నారని 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు చెప్పింది. 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రకారం 500 మందికి ఒకరుండాలి. 2022లో మన జైళ్ళలో 119 మంది ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వ లెక్కే అంటోంది.

పూచీ రాయించుకోవాలి

జైల్లో మనిషికి హాని జరిగితే ప్రభుత్వం జవాబుదారీ అన్న సూత్రం మన గడ్డ మీది కేసులోనే గట్టిపడింది. 1977 మేలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఉన్న ఒకాయన్ను ప్రత్యర్థులు బాంబులేసి చంపారు. ప్రాణభయముందని ముందే చెప్పుకున్నా కాపలా సరిగా పెట్టలేదని కొడుకులు దావా వేశారు. చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా అది సుప్రీంకోర్టుదాకా పోయింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి కాకుండా పోడనీ, సార్వభౌమాధికారం పేరుతో ప్రభుత్వం తప్పించుకోలేదనీ 2000 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. బాంబు కనిపిస్తుంది, చప్పుడు వినిపిస్తుంది. ఇరవై మూడేళ్ళు కోర్టుల చుట్టూ తిరగగల కొడుకులున్నారు. మందు తప్పి మతి చెదిరి ఉరేసుకున్న కూలివాడి విషయంలో చప్పుడుండదు, తిరిగే స్తోమతున్న కొడుకులుండరు. సూత్రం ఇద్దరికీ ఒకటే. దాన్ని రెండోవాడిదాకా తీసుకుపోవడం ఉద్యమాల పని.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు ఈ విషయంలో తేటగా ఉన్నాయి. ఖైదీల వైద్యం ప్రభుత్వ బాధ్యత, చికిత్స తెగకుండా కొనసాగాలి అని 24వ నియమం. వైద్య నిర్ణయాలను వైద్యులే చేయాలి, జైలు అధికారులు వాటిని తోసిపుచ్చరాదు అని 27వ నియమం. డాక్టరును సూపరింటెండెంటు కింద పెట్టిన మన 1894 ఏర్పాటుకు ఇది సరిగ్గా ఎదురు.

కాబట్టి మనం అడగాల్సింది దయ కాదు, ఒక కాగితం. ప్రతి మానసిక రోగి ఖైదీకి ఒక మందుల పత్రం ఉండాలి. ఏ మందు, ఎంత, ఏ పూట, ఎవరి చేతి మీదుగా పడింది, పడకపోతే ఎందుకు – సంతకంతో. ఆ పత్రం ఖైదీతో పాటు కోర్టుకూ, ఇంకో జైలుకూ, విడుదలైతే ఇంటికీ పోవాలి. 38వ సెక్షను వదిలేసిన గడి ఇదే. కేంద్రం 2023లో మోడల్ జైళ్ళ చట్టం తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. పాతది మార్చుకునే ప్రతి రాష్ట్రంలోనూ ఈ మాట చట్టంలోకి ఎక్కించాలని పట్టుబట్టాలి.

చట్టం మారేదాకా చేయగలిగినవీ ఉన్నాయి. 103వ సెక్షను కింద డాక్టర్లు పంపిన మూడు నెలల రిపోర్టుల్లోంచి పేర్లు తీసేసి, సంఖ్యలు మాత్రం సమాచార హక్కు కింద అడగొచ్చు. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే విచారణ ఖైదీల సమీక్షా కమిటీ ముందు ఇట్లాంటి కేసులు పెట్టించొచ్చు. ఉచిత న్యాయసహాయం ఈ ఖైదీల హక్కని 2017 చట్టమే చెబుతోంది, దాన్ని జిల్లా న్యాయసేవల సంస్థ దగ్గర అడగొచ్చు. ములాఖత్‌కు పోయే తల్లికి ఒక్క మాట నేర్పొచ్చు: చీటీ నకలు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోమ్మా అని.

మన వాడల్లో చదువుకున్న పిల్లలు ఇప్పుడు లాయర్లయ్యారు, నర్సులయ్యారు, కొందరు జైలు వార్డర్లు కూడా అయ్యారు. నూట ముప్పై ఏళ్ళుగా ఖాళీగా ఉన్న గడిలో మొదటి పేరు రాయించాల్సింది వాళ్ళూ మనమే.